బంతి కింద పడింది... తప్పు ఎవరిది?

చదవడానికి ముందు ఆలోచించండి
• ఇద్దరు కలిసి చేసిన పని చెడిపోతే, తప్పు ఎవరిదో ఎలా తెలుసుకుంటారు?
• "గ్లాసు పగిలింది", "గ్లాసు పగలగొట్టాడు": ఈ రెండు మాటలకీ తేడా ఏమిటి?

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నప్పుడు పాస్ కింద పడగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "అంత ఎత్తున విసిరితే ఎవరు పట్టుకుంటారు?" అని ఒకరంటారు. "చేతుల్లోకి వచ్చిన బంతిని వదిలేశాడు!" అని ఇంకొకరంటారు. టీవీలో అదే పాస్‌ని మళ్ళీ నెమ్మదిగా చూపించినా వాదన ఆగదు.

మీలో చాలామంది బడిలోనో, పార్కులోనో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతూ ఉంటారు. అక్కడా ఇదే గొడవ. విసిరిన వాళ్ళు పట్టుకునే వాళ్ళ వైపు, పట్టుకునే వాళ్ళు విసిరిన వాళ్ళ వైపు వేలు చూపిస్తారు. మన తెలుగులో "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు" అని ఒక సామెత ఉంది. నాట్యం సరిగ్గా చేయలేని మనిషి "మద్దెల బాగాలేదు" అని దాని మీదకి నెట్టేసిందట. కానీ ఒక్కోసారి నిజంగానే మద్దెల బాగుండకపోవచ్చు కదా! మరి నిజం ఎలా తెలుస్తుంది? ఈ పాఠంలో అదే చూద్దాం.

ముందు కొన్ని మాటలు
క్వార్టర్‌బ్యాక్: జట్టులో బంతిని అందుకుని, ఎవరికి విసరాలో నిర్ణయించి విసిరే ఆటగాడు.
రిసీవర్: పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ బంతిని పట్టుకునే ఆటగాడు.
డిఫెండర్: పాస్‌ని అడ్డుకునే ఎదుటి జట్టు ఆటగాడు.
గజం: మూడు అడుగుల దూరం. ఫుట్‌బాల్ మైదానాన్ని కొలిచేది గజాల్లోనే.
డ్రాప్: పట్టుకోగలిగిన బంతిని రిసీవర్ జారవిడవడం.

ఒక్క సెకనులో ఏం జరుగుతుంది?

పాస్ అంటే ఒకరు విసరడం, ఒకరు పట్టుకోవడం, అంతే కదా అనిపిస్తుంది. కానీ దాని వెనక చాలా లెక్క ఉంది. కొంచెం గణితం చేద్దాం.

గంటకు 50 మైళ్ళ వేగంతో విసిరిన బంతి సెకనుకు సుమారు 24 గజాలు వెళ్తుంది. అంటే 20 గజాల దూరం చేరడానికి దానికి సెకను కన్నా కాస్త తక్కువ పడుతుంది. ఆ కాస్త సమయంలో రిసీవర్ ఊరికే నిలబడి ఉండడు. గంటకు 18 మైళ్ళ వేగంతో పరుగెత్తే రిసీవర్ ఆ లోపల దాదాపు 7 గజాలు ముందుకి వెళ్ళిపోతాడు.

దీని అర్థం ఏమిటి? క్వార్టర్‌బ్యాక్ రిసీవర్ ఇప్పుడు ఉన్న చోటికి విసరకూడదు. అతను కాసేపట్లో ఉండబోయే చోటికి, అంటే ఇప్పుడు ఖాళీగా ఉన్న చోటికి విసరాలి. చాలాసార్లు రిసీవర్ ఇంకా వెనక్కి తిరగక ముందే బంతి చేతిలోంచి వెళ్ళిపోతుంది. రిసీవర్ పదో వంతు సెకను ఆలస్యంగా మలుపు తిరిగాడనుకోండి. ఆ వేగంలో అది దాదాపు ఒక గజం తేడా. బంతి అతని ముందు నుంచి వెళ్ళి నేల మీద పడుతుంది.

టీవీలో చూసే మనకి మాత్రం "అబ్బా, ఎంత దూరం విసిరేశాడో!" అనిపిస్తుంది. నిజానికి అక్కడ విసరడం సరిగ్గానే ఉంది. పరుగే ఆలస్యమైంది. అంటే బంతి ఎక్కడ పడిందో చూసినంత మాత్రాన తప్పు ఎవరిదో తెలియదన్నమాట.

లెక్కల పుస్తకం ఎవరి పేరు రాస్తుంది?

పాస్‌ని ఎవరూ పట్టుకోకుండా బంతి నేలని తాకితే దాన్ని ఇన్‌కంప్లీట్ పాస్ అంటారు. ఆట గడియారం ఆగుతుంది. బంతి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వస్తుంది. పది గజాలు ముందుకి వెళ్ళడానికి జట్టుకి ఉన్న నాలుగు అవకాశాల్లో ఒకటి వృథా అవుతుంది.

ఆట రికార్డుల్లో మాత్రం అది పూర్తికాని పాస్‌గా క్వార్టర్‌బ్యాక్ పేరు మీదే పడుతుంది. చేతుల్లో పెట్టినట్టు విసిరిన బంతిని రిసీవర్ వదిలేసినా అంతే. ఎన్‌ఎఫ్‌ఎల్ 1973లో "పాసర్ రేటింగ్" అనే కొలతను మొదలుపెట్టింది. క్వార్టర్‌బ్యాక్ ఎంత బాగా ఆడాడో చెప్పే ఈ కొలతలో అత్యధిక అంకె 158.3. దీన్ని లెక్కించడానికి నాలుగు విషయాలు చూస్తారు: నూటికి ఎన్ని పాస్‌లు పూర్తయ్యాయి, ఒక్కో పాస్‌కి ఎన్ని గజాలు వచ్చాయి, ఎన్ని టచ్‌డౌన్‌లు అయ్యాయి, ఎన్నిసార్లు బంతి ఎదుటి జట్టు చేతికి చిక్కింది. రిసీవర్ ఎన్ని వదిలేశాడన్న ప్రశ్న ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు.

బేస్‌బాల్‌లో అలా కాదు. అక్కడ మామూలుగా పట్టుకోవాల్సిన బంతిని ఫీల్డర్ వదిలేస్తే, స్కోరు రాసే అధికారి దాన్ని ఆ ఫీల్డర్ పేరు మీద "ఎర్రర్" అని రాస్తారు. ఆ పొరపాటు వల్ల వచ్చిన పరుగుని పిచర్ ఖాతాలో వేయకుండా విడిగా లెక్కిస్తారు.

మీ అమ్మానాన్నలు చూసే క్రికెట్ ఈ విషయంలో ఫుట్‌బాల్‌కి దగ్గర. ఫీల్డర్ సులువైన క్యాచ్ వదిలేసిన తర్వాత ఆ బ్యాటర్ ఎన్ని పరుగులు కొట్టినా, అవి బౌలర్ల ఖాతాలోనే పడతాయి. స్కోర్‌కార్డులో వదిలేసిన క్యాచ్‌కి గడి ఉండదు. అందుకే కొందరు బౌలర్లు క్యాచ్ కింద పడగానే నడుం మీద చేతులు పెట్టుకుని అలా నిలబడిపోతారు.

అంటే రికార్డు అబద్ధం చెప్పడం లేదు. ఏం జరిగిందో చెబుతోంది, ఎందుకు జరిగిందో చెప్పడం లేదు. ఎందుకు జరిగిందో మనమే వెతకాలి.

ఎవరి తప్పూ కాని పాస్‌లు

వెతకడం మొదలుపెట్టే ముందు కొన్ని పాస్‌లని పక్కన పెట్టేయాలి. ఎందుకంటే అవి కింద పడడమే మంచిది.

మొదటిది, కావాలని బయటికి విసిరేసిన బంతి. ఎదుటి జట్టువాళ్ళు మీదకి వచ్చేస్తున్నారు. రిసీవర్లలో ఎవరికీ ఖాళీ లేదు. అప్పుడు తెలివైన క్వార్టర్‌బ్యాక్ ఒక పక్కకి పరుగెత్తి బంతిని గీత బయటికి విసిరేస్తాడు. అది వృథా పాస్‌లా కనిపిస్తుంది. కానీ అలా చేయకపోతే బంతితో సహా వెనక్కి పడిపోయి గజాలు పోగొట్టుకునేవాడు, లేదా బంతే పోగొట్టుకునేవాడు. (ఎక్కడి నుంచి, ఎలా విసిరేయవచ్చో నియమాలు ఉన్నాయి. వాటిని దాటితే జరిమానా పడుతుంది.)

రెండోది, స్పైక్. సమయం అయిపోతున్నప్పుడు గడియారాన్ని ఆపడానికి క్వార్టర్‌బ్యాక్ బంతిని అందుకోగానే నేలకేసి కొడతాడు. విచిత్రం ఏమిటంటే ఇది కూడా రికార్డులో పూర్తికాని పాస్‌గానే లెక్క.

మూడోది, ఎదుటివాళ్ళు నిజంగా బాగా ఆడడం. క్వార్టర్‌బ్యాక్ బాగా విసిరాడు, రిసీవర్ సరిగ్గా పరుగెత్తాడు, కానీ డిఫెండర్ చివరి క్షణంలో చెయ్యి పెట్టి బంతిని తోసేశాడు. ఇక్కడ "మనవాళ్ళ తప్పు" అని వెతకడం కన్నా "ఎదుటివాడి గొప్ప" అని ఒప్పుకోవడం న్యాయం. మైదానంలో ఉన్నది మన జట్టు ఒక్కటే కాదు కదా!

నాలుగు ప్రశ్నలు

ఇక మిగిలిన పాస్‌ల సంగతి. ఒక పాస్ పడిపోయినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వరసగా అడగండి. వరస ముఖ్యం. ఎందుకంటే పాస్ కూడా ఇదే వరసలో జరుగుతుంది.

1. విసరడానికి సమయం దొరికిందా?
క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు బలమైన ఆటగాళ్ళు గోడలా నిలబడతారు. ఆ గోడ కూలితే అతను కాళ్ళు సరిగ్గా నేల మీద ఊనలేడు. విసురుతున్న చేతి మీద ఎవరో పడతారు. బంతి గురి తప్పుతుంది. చూసేవాళ్ళకి క్వార్టర్‌బ్యాక్ చెడ్డగా విసిరినట్టు ఉంటుంది. అసలు కారణం అతనికి ముందున్న గోడలో ఉంటుంది. అయితే గోడ బాగానే నిలబడినా, క్వార్టర్‌బ్యాక్ మరీ ఎక్కువసేపు బంతిని పట్టుకుని కూర్చుంటే ఆ తప్పు అతనిదే.

2. సరైన రిసీవర్‌కే విసిరాడా? ఆ రిసీవర్ ఉండాల్సిన చోట ఉన్నాడా?
ఇది రెండు వైపులా తిరిగే ప్రశ్న. ఒక రిసీవర్ చుట్టూ ఇద్దరు డిఫెండర్లు ఉన్నారు, ఇంకో రిసీవర్ ఖాళీగా చెయ్యి ఎత్తుతున్నాడు. అయినా మొదటి వాడికే విసిరితే, ఎంత గురిగా విసిరినా అది క్వార్టర్‌బ్యాక్ తప్పు నిర్ణయమే.
ఇంకో వైపు చూస్తే, కొన్ని ఆటల్లో రిసీవర్ పరుగు ముందే ఖాయం కాదు. డిఫెండర్ ఎలా నిలబడ్డాడో చూసి లోపలికి తిరగాలా, బయటికి తిరగాలా అన్నది అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి, అదే నిర్ణయానికి రావాలి. ఒకరు "లోపలికి" అనుకుని, ఇంకొకరు "బయటికి" అనుకుంటే బంతి ఎవరూ లేని చోట పడుతుంది. ఎవరు తప్పుగా చూశారో మనకి టీవీలో తెలియదు. అది వాళ్ళిద్దరికీ, వాళ్ళ కోచ్‌కీ తెలుస్తుంది.

3. బంతి ఎక్కడికి వచ్చింది?
ఛాతీ ముందుకి, పరుగుకి అడ్డం రాకుండా వచ్చిందా? తల మీదుగా పోయిందా? కాళ్ళ దగ్గర పడిందా? వీపు వెనక్కి వచ్చిందా? మంచి పాస్ అంటే రిసీవర్ పరుగు ఆపకుండా అందుకోగలిగేది. కానీ తొందరపడకండి. ఒక్కోసారి క్వార్టర్‌బ్యాక్ కావాలనే కిందకో, వెనక భుజం వైపుకో విసురుతాడు. ముందు వైపు డిఫెండర్ ఉంటాడు కాబట్టి మనవాడికి మాత్రమే అందేలా అలా వేస్తాడు. అందుకని బంతిని చూసేటప్పుడు డిఫెండర్ ఏ వైపు ఉన్నాడో కూడా చూడాలి.

4. చేతులకి తగిలాక ఏం జరిగింది?
"చేతికి తగిలింది కాబట్టి పట్టుకోవాల్సిందే" అనేది పెద్దవాళ్ళు కూడా అనే మాట. అది ఎప్పుడూ నిజం కాదు. పూర్తిగా గాల్లోకి ఎగిరి, ఒంటి చేత్తో, వేలి కొనలతో తాకిన బంతి వేరు. రెండు చేతుల్లోకి నేరుగా వచ్చి, పట్టుకోక ముందే ముందుకు పరుగెత్తాలని తల తిప్పడం వల్ల జారిన బంతి వేరు. రెండోది డ్రాప్. మొదటిది డ్రాప్ కాదు, అందినంత మేర చేసిన ప్రయత్నం.

ఒక పాస్, రెండు తీర్పులు

ఇప్పుడు ఈ ప్రశ్నలని ఒక నిజమైన పాస్ మీద ప్రయోగించి చూద్దాం.

2012 ఫిబ్రవరి 5న ఇండియానాపొలిస్‌లో సూపర్ బౌల్ జరిగింది. న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్, న్యూయార్క్ జెయింట్స్ తలపడ్డాయి. చివరికి సుమారు నాలుగు నిమిషాలు ఉన్నాయి. పేట్రియాట్స్ 17–15తో ముందున్నారు. బంతి కూడా వాళ్ళ దగ్గరే ఉంది. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. రిసీవర్ వెస్ వెల్కర్. ఆ 2011 సీజన్‌లో వెల్కర్ 122 పాస్‌లు పట్టుకున్నాడు. లీగ్ మొత్తంలో అంతకన్నా ఎక్కువ పట్టినవాళ్ళు లేరు.

వెల్కర్ ఎడమ వైపు నుంచి ముందుకి దూసుకెళ్ళాడు. చుట్టూ ఎవరూ లేరు. బ్రేడీ విసిరాడు. బంతి వెల్కర్ చూస్తున్న వైపుకి కాకుండా అవతలి భుజం వైపు, కాస్త ఎత్తుగా వచ్చింది. వెల్కర్ గాల్లోకి ఎగిరి, ఒళ్ళంతా వెనక్కి తిప్పి, రెండు చేతులూ బంతి మీద వేశాడు. బంతి నిలవలేదు. కింద పడింది.

కాసేపటికి బంతి జెయింట్స్ చేతికి వెళ్ళింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఎలై మానింగ్ గీత పక్కనే పరుగెత్తుతున్న మారియో మానింగ్‌హామ్‌కి 38 గజాల పాస్ వేశాడు. అతను రెండు పాదాలూ గీత లోపలే ఉంచి పట్టుకున్నాడు. జెయింట్స్ 21–17తో గెలిచారు.

మన నాలుగు ప్రశ్నలు అడుగుదాం. సమయం దొరికిందా? దొరికింది. రిసీవర్ సరైన చోట, ఖాళీగా ఉన్నాడా? ఉన్నాడు. బంతి ఎక్కడికి వచ్చింది? అందే చోటికే వచ్చింది కానీ సులువైన చోటికి కాదు. వెల్కర్ ఒళ్ళు మెలితిప్పాల్సి వచ్చింది. చేతులకి తగిలాక ఏం జరిగింది? రెండు చేతులూ తగిలాయి, బంతి జారింది.

చూశారా? తప్పు ఒకరి వైపే లేదు. మూడో ప్రశ్న దగ్గర కొంచెం బ్రేడీది, నాలుగో ప్రశ్న దగ్గర కొంచెం వెల్కర్‌ది. అందుకే ఆ పాస్ గురించి ఇప్పటికీ వాదించుకునేవాళ్ళు ఉన్నారు. రికార్డులో మాత్రం బ్రేడీ పేరు పక్కన ఒక పూర్తికాని పాస్ అని ఉంటుంది. అంతే.

మ్యాచ్ తర్వాత ఆ ఇద్దరూ ఏం చేశారో కూడా తెలుసుకోవాలి. వెల్కర్ "బంతి ఎత్తుగా వచ్చింది" అని తప్పించుకోలేదు. తాను పట్టాల్సిన బంతే అని ఒప్పుకున్నాడు. బ్రేడీ వెల్కర్‌ని వెనకేసుకొచ్చాడు. అతనికి ఇంకా పాస్‌లు వేస్తూనే ఉంటానని చెప్పాడు.

(వెనకేసుకురావడం: ఎవరినైనా ఇతరులు తప్పు పట్టినప్పుడు వాళ్ళ పక్షాన మాట్లాడడం.)

ఒక్క పాస్ కాదు, చాలా పాస్‌లు

ఒక్క పాస్‌తో ఎవరి మీదా తీర్పు చెప్పకూడదు. 2018లో న్యూ ఓర్లియన్స్ సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ 489 పాస్‌లు విసిరితే 364 పూర్తయ్యాయి. నూటికి 74.4. అప్పటివరకు ఒక సీజన్‌లో అంత శాతం ఎవరూ సాధించలేదు. అయినా 125 పాస్‌లు పూర్తి కాలేదు. అంత గొప్ప ఏడాదిలో కూడా ప్రతి నాలుగు పాస్‌లలో ఒకటి పోయింది!

మరి చాలా పాస్‌లని ఎలా లెక్కించాలి? ఒక ఊహా లెక్క చూడండి. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నారు. ఇద్దరూ 40 పాస్‌లు విసిరారు. ఇద్దరికీ 24 పూర్తయ్యాయి. రికార్డులో ఇద్దరూ సమానమే: నూటికి 60.

మొదటి అతని రిసీవర్లు 5 పాస్‌లు జారవిడిచారు. 2 పాస్‌లు అతనే కావాలని బయటికి విసిరేశాడు. 1 స్పైక్. రెండో అతనికి ఇవేవీ లేవు. పూర్తికాని 16 పాస్‌లూ గురి తప్పినవే.

ఇప్పుడు మొదటి అతని లెక్క మళ్ళీ చేద్దాం. కావాలని పడేసిన 3 పాస్‌లు తీసేస్తే మిగిలినవి 37. పూర్తయిన 24కి, జారవిడిచిన 5 కలిపితే 29. 37లో 29 అంటే నూటికి 78 కన్నా ఎక్కువ. రెండో అతనిది 60 దగ్గరే ఉంది. ఒకేలా కనిపించిన ఇద్దరి మధ్య ఎంత తేడా వచ్చిందో చూడండి. ఆటని విశ్లేషించేవాళ్ళు నిజంగానే ఇలాంటి సవరించిన లెక్కలు వాడతారు.

అలాగే రిసీవర్లని కూడా న్యాయంగా చూడాలి. 5 గజాల దూరంలో పట్టుకునే రిసీవర్‌కి నూటికి చాలా పాస్‌లు అందుతాయి. 30 గజాల దూరం పరుగెత్తే రిసీవర్‌కి తక్కువ అందుతాయి. దూరం పెరిగే కొద్దీ పాస్ కష్టమవుతుంది. ఇద్దరి శాతాలూ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

యంత్రం తీర్పు చెప్పగలదా?

ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ భుజాల కవచాల్లో చిన్న చిప్‌లు ఉంటాయి. బంతిలో కూడా ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారు, రిసీవర్‌కీ డిఫెండర్‌కీ మధ్య ఎన్ని గజాల ఖాళీ ఉంది, బంతి ఎంత దూరం వెళ్ళింది, ఇవన్నీ అవి కొలుస్తాయి. వాటితో "ఇలాంటి పాస్ మామూలుగా నూటికి ఎన్నిసార్లు పూర్తవుతుంది?" అని అంచనా వేస్తారు. నూటికి 30 సార్లే పూర్తయ్యే పాస్ పడిపోతే ఎవరినీ పెద్దగా తప్పు పట్టనక్కర్లేదు. నూటికి 90 సార్లు పూర్తయ్యే పాస్ పడిపోతే మాత్రం ఎక్కడో ఏదో తప్పు జరిగింది.

కానీ ఆ "ఎక్కడో" అన్నది ఎక్కడో ఈ అంచనా చెప్పదు. బంతి గురి తప్పినా, చేతుల్లోంచి జారినా దానికి ఒకటే: పాస్ పూర్తి కాలేదు. డ్రాప్ అవునా కాదా అన్నది ఒక మనిషి వీడియో చూసి నిర్ణయించాల్సిందే. అందుకే ఒకే మ్యాచ్‌కి ఒకరు 3 డ్రాప్‌లు అంటే ఇంకొకరు 5 అనవచ్చు.

కోచ్‌లు అయితే మైదానంలోని 22 మందీ కనిపించే వీడియో పెట్టుకుని, ఆగి ఆగి చూస్తారు. మామూలు టీవీ కెమెరా ఎక్కువగా బంతి వెంటే వెళ్తుంది. దూరంగా రిసీవర్ ఎప్పుడు మలుపు తిరిగాడో మనకి కనిపించదు. పైగా ఆ ఆటలో ఎవరికి ఏ పని చెప్పారో కోచ్‌కి తెలుసు, మనకి తెలియదు. కాబట్టి సోఫాలో కూర్చుని తీర్పు చెప్పేటప్పుడు "బహుశా", "నాకు అనిపిస్తోంది" అనే మాటలు చేర్చడం మంచిది.

మాటలోనే తీర్పు ఉంటుంది

ఇంతవరకు ఆట గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు తెలుగు గురించి. మన భాషలో ఒక క్రియ మార్చితే తప్పు ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి వెళ్ళిపోతుంది.

వంటింట్లో చప్పుడు వినిపించిందనుకోండి. మీరు "గ్లాసు పగిలింది" అంటారు. అమ్మ వచ్చి "గ్లాసు పగలగొట్టావా?" అంటుంది. జరిగింది ఒకటే. మీ వాక్యంలో గ్లాసు తనంతట తానే పగిలింది. అమ్మ వాక్యంలో పగలగొట్టిన మనిషి ఉన్నాడు! పాస్ విషయంలోనూ అంతే:

బంతి అందలేదు: బంతి అతని దాకా రాలేదు. రిసీవర్ తప్పు లేదు.
గురి తప్పింది: విసరడంలో లోపం ఉంది. కానీ ఎవరి పేరూ చెప్పలేదు.
పట్టుకోలేదు: జరిగింది చెప్పాం. కారణం చెప్పలేదు.
పట్టుకోలేకపోయాడు: ప్రయత్నించాడు, కుదరలేదు. ఇందులో కాస్త జాలి ఉంది.
బంతి జారిపోయింది: బంతే జారింది. ఎవరినీ అనలేదు.
జారవిడిచాడు, వదిలేశాడు: తప్పు పూర్తిగా రిసీవర్‌దే అని తీర్పు చెప్పేశాం.

తెలుగు పేపర్లలో క్రికెట్ వార్తలు చదివితే "క్యాచ్ నేలపాలు చేశాడు" అని కనిపిస్తుంది. అందులో కోపం కూడా వినిపిస్తుంది! "క్యాచ్ అందుకోలేకపోయాడు" అని రాస్తే ఆ కోపం ఉండదు. కాబట్టి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి, తర్వాత క్రియ ఎంచుకోండి.

మీ జట్టులో

మీ ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టులో పాస్ పడిపోయినప్పుడు "వదిలేశావు!" అని అరిస్తే, తర్వాతి పాస్‌కి మీ స్నేహితురాలి చేతులు వణుకుతాయి. "నువ్వే చెత్తగా విసిరావు!" అంటే, విసిరే అమ్మాయి తర్వాతి పాస్ భయం భయంగా విసురుతుంది. అలాగని ఏమీ జరగనట్టు ఊరుకుంటే అదే తప్పు మళ్ళీ జరుగుతుంది. తప్పు ఎక్కడుందో తెలిస్తేనే దాన్ని సరిచేయగలం. గురి తప్పితే గురి సాధన చేయాలి. చేతులు జారితే పట్టడం సాధన చేయాలి. ఇద్దరూ వేరువేరుగా అనుకుంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తప్పు ఎవరిదో వెతికేది తిట్టడానికి కాదు, రేపటి సాధన ఏమిటో తెలుసుకోవడానికి.

అందుకని అరిచే బదులు అడగండి. "నువ్వు లోపలికి తిరుగుతావనుకున్నాను. నీకు ఏం కనిపించింది?" "బంతి కొంచెం వెనక్కి వచ్చింది. ఈసారి నా ముందు వెయ్యి." "నేను తల ముందే తిప్పేశాను. మళ్ళీ నాకే వెయ్యి." ఈ మూడు వాక్యాల్లోనూ తప్పు దాచలేదు, ఎవరినీ నొప్పించలేదు. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు అంటారు కదా. పాస్ కూడా అంతే. విసిరే చెయ్యి ఒకరిది, పట్టే చేతులు ఇంకొకరివి.

అభ్యాసాలు

అ. ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయండి.
1. క్వార్టర్‌బ్యాక్ ఖాళీ చోటికి ఎందుకు విసరాలి?
2. వదిలేసిన బంతిని బేస్‌బాల్‌లో ఎలా రాస్తారు? ఫుట్‌బాల్‌లో ఎలా రాస్తారు?
3. కింద పడినా ఎవరి తప్పూ కాని పాస్‌లు ఏవి?

ఆ. ఖాళీలో సరైన క్రియ రాయండి. (అందలేదు / జారవిడిచింది / పట్టుకోలేకపోయింది)
1. బంతి తల మీదుగా పోయింది. ఆమెకి ______.
2. బంతి నేరుగా రెండు చేతుల్లోకి వచ్చింది. అయినా ఆమె ______.
3. గాల్లోకి ఎగిరి ఒంటి చేత్తో తాకింది. కానీ ______.

ఇ. లెక్క చేయండి.
ఒక క్వార్టర్‌బ్యాక్ 30 పాస్‌లు విసిరింది. 18 పూర్తయ్యాయి. 4 రిసీవర్లు జారవిడిచారు. 2 కావాలని బయటికి విసిరేసింది. రికార్డులో నూటికి ఎంత? సవరించిన లెక్కలో నూటికి ఎంత?

ఈ. మాట్లాడండి.
ఇండియాలో ఉన్న మీ తాతయ్యకో, అమ్మమ్మకో ఫోన్ చేయండి. వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. మీరు ఆడే ఆట వేరని చెప్పి, పాస్ పడిపోతే తప్పు ఎవరిదో ఎలా తేల్చాలో తెలుగులో వివరించండి. క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినప్పుడు వాళ్ళు ఏ మాట వాడతారో అడిగి, ఇక్కడ రాసుకోండి.

ఉ. ఈ వారం ఒక మ్యాచ్ చూడండి.
కింద పడిన ఐదు పాస్‌లు ఎంచుకోండి. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలూ అడిగి, మీ తీర్పు ఒక్క వాక్యంలో రాయండి. సరిగ్గా తెలియకపోతే "బహుశా" అని మొదలుపెట్టండి.